నోరు కట్టుకోమనే వాళ్ళకో మాట

లావైతే ఒక మాట, చిక్కితే ఒక మాట అనకపోతే మన పేరంటాలకు శోభ ఉండదు. మొన్న శ్రావణ శుక్రవారం మా ఆడపడుచు గారింటికి తాంబూలానికి వెళ్ళాను. కాళ్ళకు పసుపు రాయించుకుంటూ ఉంటే పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "అదేమిటమ్మా, ఇలా చిక్కిపోయావు? సుగరొచ్చిందా?" అంది. అయిదేళ్ళ క్రితం ఇదే ఇంట్లో, ఇదే శ్రావణమాసంలో, "బాగా ఒళ్ళు చేశావే, మోకాళ్ళు నొప్పి పుట్టటం లేదూ?" అన్నదీ ఆవిడే. అప్పుడూ నవ్వి ఊరుకున్నాను, ఇప్పుడూ నవ్వి ఊరుకుందామనుకున్నాను.

ఇంతలో ఇంకొకావిడ అందుకుంది. "సుగరూ లేదు, ఏమీ లేదు పిన్నిగారూ. ఆవిడ నోరు కట్టుకుంది. ఆ నిగ్రహం మనకేదీ?"

మెచ్చుకోలే! అయినా నాకు చురుక్కుమంది. ఆ మాట నేను అంతకు ముందొకసారి విన్నాను.

మా అమ్మకు యాభయ్యో ఏట సుగరు బయటపడింది. అరవై మూడో ఏట మూత్రపిండాలు పాడయి పోయింది. పన్నెండో రోజు భోజనాల్లో మా బంధువొకాయన రెండోసారి గారెలు వేయించుకుంటూ, "మహా ఇల్లాలు! ఒక్కటే లోపం, పాపం నోరు కట్టుకోలేకపోయింది" అన్నాడు. పంక్తిలో ఉన్న వాళ్ళంతా "అవునవును" అన్నారు. వడ్డిస్తున్నదాన్ని నేనే. గారెల పళ్ళెం ఆయన నెత్తిన బోర్లిద్దామన్నంత కోపం వచ్చింది గానీ, ఇంటినిండా జనం, నోరు కట్టుకున్నాను. ఇన్నేళ్ళకు విప్పుతున్నాను.

మా అమ్మ తిండి ఎలా ఉండేదో నాకు తెలుసు. డాక్టరుగారు చెప్పినవి మూడే మాటలు. తెల్లన్నం తగ్గించండి, కూర ఎక్కువ తినండి, వేళకు తినండి. మరి ఇంట్లో జరిగిందేమిటి? అందరి భోజనాలూ అయ్యాక, ఏ రెండున్నరకో ఆవిడ కంచం ముందు కూర్చునేది. అప్పటికి కూరగిన్నెలో మిగిలేవి పోపుగింజలూ, రెండు ఎండుమిరపకాయ ముక్కలూ. అన్నం మటుకు ఎప్పుడూ మిగిలేది. అన్నం చాలకపోతే ఇంటికి పరువు తక్కువ కాదూ! కూర చాలకపోతే మాత్రం, "ఇవాళ కూర అమోఘంగా కుదిరింది" అని లేచిపోయేవారు. మిగిలిన అన్నం, ఇంత పచ్చడి, నీళ్ళమజ్జిగ - ఇదీ మా అమ్మ మధ్యాహ్నపు పథ్యం. రాత్రికి విడిగా రెండు పుల్కాలు చేసుకునేది. అవి తిన్నాక గిన్నెలు కడగబోతే అడుగున గరిటెడన్నం కనిపించేది. "అన్నం పరబ్రహ్మ స్వరూపం, పారేస్తామా?" అని అదీ ఆవిడ కడుపులోకే పోయేది.

ఇప్పుడు చెప్పండి. ఆవిడ నోరు కట్టుకోలేదా, ఆవిడ నోటికి ఇష్టమైనది ఎప్పుడైనా అందిందా?

మా అమ్మ ఒక్కర్తె కథే అయితే ఇంతదూరం రాయను. 2019 - 21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ప్రతి 100 మంది ఆడవాళ్ళలో 24 మంది ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నారని తేలింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క 36, తెలంగాణలో 30. మరి దేశం మొత్తంలో మన తెలుగు ఆడవాళ్ళకే నోరు ఎక్కువనుకోవాలా? నోరు కాదమ్మా, పెద్దది మనం దింపే అన్నం గిన్నె. చిన్నది కూర గిన్నె.

ఇక నా సంగతి. నలభై అయిదో ఏట మామూలు పరీక్షలకని వెళితే బరువు డెబ్భై నాలుగు కిలోలు, మూడు నెలల సుగరు సగటు 6.2 అని తేలింది. 5.7 దాటితే హెచ్చరిక, 6.5కు చేరితే సుగరు జబ్బే. "అంచు మీద ఉన్నారు" అంది డాక్టరమ్మ. నడుము చుట్టూ టేపు పెట్టి చూసింది. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదట. నాది ఎంతో రాయను, మీరు అడక్కండి.

అంతకు ముందూ నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. శనివారం ఒంటిపూట ఉన్నాను. ఒంటిపూట అంటే మీకు తెలియందేముంది, రాత్రికి అన్నం మాని నాలుగు పెసరట్లూ, వాటి పొట్టలో ఉప్మా, పైన అల్లప్పచ్చడీ! నెలరోజులు పూటకో జొన్నరొట్టెతో సరిపెట్టాను. 2018 ప్రాంతాల్లో మన రెండు రాష్ట్రాలనూ ఊపేసిన కొబ్బరినూనె పథ్యం కూడా మూడు వారాలు పట్టాను. ప్రతిసారీ నాలుగైదు కిలోలు తగ్గాను. ప్రతిసారీ ఆ నాలుగైదూ పక్కన ఇంకో రెంటిని వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చినట్టు తిరిగొచ్చాయి. అప్పుడల్లా మావారు, "నీకు పట్టుదల లేదోయ్" అనేవారు. నేనూ నిజమే కాబోలుననుకునేదాన్ని.

పట్టుదల సంగతి చెప్తాను వినండి. 1944 - 45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, ఇష్టపడి వచ్చిన వాళ్ళనే సుమండీ, దాదాపు ఆరు నెలలు అర్ధాకలితో ఉంచాడు. యుద్ధంలో పస్తులున్న జనాన్ని మళ్ళీ ఎలా కోలుకునేట్టు చెయ్యాలో తెలుసుకుందామని. ఆ మగమహారాజులు ఏమయ్యారో తెలుసా? వాళ్ళకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివారు. కంచాలు నాకారు. చిరాకు, దిగులు. తిరిగి తిండి పెట్టాక ఎంత తిన్నా వాళ్ళకు తనివి తీరలేదు. వాళ్ళలో ఎవరూ అర్ధాకలితో పొయ్యి ముందు నిలబడి ఇంటిల్లిపాదికీ బూరెలు వేయించలేదు. మనం వేయిస్తాం. వేయిస్తూ వేయిస్తూ ఒకటి నోట్లో వేసుకుంటే, "నిగ్రహం లేదు" అనిపించుకుంటాం.

ఇంకొకటి. అమెరికాలోనే టెలివిజన్‌లో బరువు తగ్గే పోటీ ఒకటి ఉండేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తరవాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. చాలామందికి పోయిన బరువు తిరిగొచ్చింది. అది కాదు విశేషం. వాళ్ళ శరీరాలు ఆరేళ్ళ తరవాత కూడా, ఆ బరువు మనిషి ఖర్చుపెట్టవలసిన దానికంటే రోజుకు సుమారు 500 కెలోరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయిట. అంటే గబగబా మాడ్చిన ఒళ్ళు, కరువు రోజులు చూసిన ముసలమ్మలాగా ప్రతి గింజా దాచుకోవడం నేర్చుకుంటుంది. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజక్షన్లు కూడా వచ్చాయి. అవసరమని డాక్టరు రాస్తే వేయించుకోవడంలో తప్పేమీ లేదు. కానీ వాటిలో ఒకదాన్ని ఆపేసిన వాళ్ళను ఏడాది చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు మళ్ళీ వచ్చిందని 2022లో తేలింది. అంచేత, బరువు తగ్గడం ఒక విద్య, తగ్గినదాన్ని నిలుపుకోవడం ఇంకో విద్య. రెండోది నెల్లాళ్ళ వ్రతాలతో వచ్చేది కాదు. జన్మంతా తినగలిగిన తిండి ఏదో అదే పథ్యం. జన్మంతా తినగలిగింది కావాలంటే అది ఇల్లంతా తినేదే అయి ఉండాలి. ఇల్లాలికో గిన్నె, ఇంటికో గిన్నె అయినచోట ఇల్లాలి గిన్నె నెల తిరక్కుండా అటక ఎక్కుతుంది.

ఇది తెలిశాక నేను పథ్యం మానేశాను. ఇంటి వంట మార్చాను. దాంతో మా ఇంట్లో మూడు యుద్ధాలు జరిగాయి.

మొదటిది అన్నంతో. మన భోజనం ఒక్కసారి తలచుకోండి. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, పులుసులోకి అన్నం, చారులోకి అన్నం, చివర పెరుగులోకి అన్నం. పంచపాండవుల్లాగా అయిదు ఆధరువులూ, అందరికీ అన్నం ఒక్కటే ద్రౌపది! ఇక కూరంటారా, నలుగురికి పావుకిలో బెండకాయలు తరిగి, అవి వేగి చారెడయితే "కూర చేశాను" అనుకుంటాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా ప్రకారం రోజుకు 2000 కెలోరీలు తినే మనిషికి కూరగాయలే 400 గ్రాములుండాలి. ధాన్యాలు, అంటే బియ్యం, గోధుమలు, ఇడ్లీరవ్వ, ఉప్మారవ్వ అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పుదినుసులు 85 గ్రాములు. అంటే నలుగురున్న ఇంట్లో రోజుకు కూరలు కిలోన్నర పైన! మా ఇంట్లో లెక్క వేస్తే సరిగ్గా తలకిందులుగా వచ్చింది. ఈ సంస్థ పుట్టుక కూడా వింతే. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకని చిన్నశాఖగా మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. ఆ బెరిబెరి, బియ్యాన్ని మరీ తెల్లగా మరపట్టి తినడం వల్ల వచ్చే జబ్బు. నూరేళ్ళు దాటినా మనకు మల్లెపువ్వులాంటి అన్నం మీద మోజు పోలేదు.

అంచేత బియ్యం కొలిచే గ్లాసు మార్చాను. కూర రెండింతలు చేశాను. ముందు కూరా, పప్పూ కాస్త ఉత్తవి తిని, ఆ తరవాతే అన్నం. అలా తింటే భోజనం అయ్యాక రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు. మావారు మొదటి వారం కంచం వంక పెళ్ళివారి ఏర్పాట్లు చూసిన వియ్యంకుడిలాగా చూశారు. "అన్నంలో కూర కలుపుకోవాలా, కూరలో అన్నం కలుపుకోవాలా?" అన్నారు. "రెండోదే" అన్నాను. ఆయనదీ ప్యాంటు నడుం ఒక అంగుళం వదులయ్యాక ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు.

రెండో యుద్ధం నూనెతో. ఆ సంస్థవారే మనిషికి నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములన్నారు. నలుగురికి నెలకు మూడు కిలోల పైచిల్లర. మా ఇంటికి నెలకు ఆరు లీటరు ప్యాకెట్లు, ఆ పైన కిలో నెయ్యి వచ్చేవి. నేను ఉపన్యాసాలివ్వలేదు. ఒకటో తారీకున మూడు ప్యాకెట్లు, అరకిలో నెయ్యి కొని, "ఇవే" అన్నాను. చేగోడీల డబ్బా, జంతికల డబ్బా పండగలకే నిండుతాయి. ఇంట్లో లేనిదాన్ని తినకుండా ఉండటానికి నిగ్రహం అక్కర్లేదు చూశారూ, అదీ సుఖం.

మూడోది అసలు యుద్ధం. నేను కూడా అందరితోపాటు కూర్చుని తింటానన్నాను. మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. "మరి వడ్డించేదెవరే అమ్మాయ్?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఆవిడకు అర్థం కాక. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని ఎవరికి వారు వడ్డించుకుందామన్నాను. "మిగిలితేనో?" అన్నారు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని తిందాం, అదీ వంతులవారీగా అన్నాను. సోమవారం మావారు, మంగళవారం మా అబ్బాయి, బుధవారం నేను. మొదటి సోమవారం మావారు చద్దన్నం తిన్నారు. మొదటి గురువారం నుంచీ "ఇవాళ బియ్యం ఎన్ని గ్లాసులు పోశావు?" అని అడగటం మొదలుపెట్టారు! అన్నం పారేయకూడదన్న ధర్మం నేను కాదనను. కానీ ఆ ధర్మం ఇంట్లో ఒక్కరి కడుపుకే ఎందుకు అంటగట్టారో చెప్పమంటాను. ధర్మం నలుగురికీ పంచి చూడండి, నాలుగో రోజుకు ఎసట్లో బియ్యం దానంతటదే తగ్గుతుంది.

ఇలా పద్నాలుగు నెలలకు ఏడు కిలోలు తగ్గాను. మీకు నవ్వొస్తుందేమో, నెలకు అరకిలో! "ఇరవై రోజుల్లో పదికిలోలు" అని ప్రకటనలు చదివేవాళ్ళకు ఇది ఒక లెక్కా? కానీ ఇప్పటికి మూడో ఏడు, అరవై ఏడు దగ్గరే ఉన్నాను. సుగరు సగటు 5.6కు దిగింది. అమెరికాలో 2002లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, నాలాగా అంచు మీద ఉన్నవాళ్ళు ఒంటి బరువులో నూటికి 7 పాళ్ళు తగ్గించుకోవాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని పెట్టుకుంటే, సుగరు జబ్బు రావడం 58 శాతం తగ్గింది. డెబ్భై నాలుగు కిలోల మనిషికి 7 పాళ్ళంటే అయిదు కిలోల చిల్లర. అంతే! సినిమాతారల్లా మారిపోనక్కర్లేదు. సన్నగా ఉండటం అందమా కాదా అన్న తగవు నాకక్కర్లేదు. నా మూత్రపిండాలు నా దగ్గర ఉంటే చాలు. అయితే ఒక్కమాట. ఇప్పటికే సుగరుకు మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్ళు డాక్టరుతో చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. మందు మోతాదు కూడా మార్చవలసి వస్తుంది.

"మా అమ్మమ్మ రోజుకు సోలెడు బియ్యం తిని తొంభై ఏళ్ళు బతికింది" అనేవాళ్ళుంటారు. నిజమే. ఆవిడ ఆ బియ్యం దంచుకుంది, నూతిలో నీళ్ళు తోడుకుంది, రుబ్బురోలు తిప్పింది. మనం మిక్సీ మీట నొక్కుతాం. ఆవిడ పని మానేసి ఆవిడ తిండి ఉంచుకుంటానంటే ఒళ్ళు ఊరుకోదు. "కొర్రలూ, అండుకొర్రలూ తింటున్నాం కదా" అనేవాళ్ళూ ఉన్నారు. 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నాక మా వీధిలో కొర్రలు తినని ఇల్లు లేదు. మంచివే. కానీ కొర్రలతో నెయ్యోడేట్టు చక్రపొంగలి చేసుకుని, పథ్యమని రెండుసార్లు వడ్డించుకుంటే కొర్రలేం చేస్తాయి? "కూరగాయలు అంతంత ధర, ఎక్కడ కొనగలం?" అంటారు కొందరు. ఆ మాట కూలి చేసుకునే తల్లి అంటే తల వంచుకుంటాను. పుట్టినరోజుకు వెయ్యి రూపాయల కేకు కొనేవాళ్ళం మనం అనకూడదు. ఆకుకూర కట్టలు, సొరకాయ, దోసకాయ, గుమ్మడికాయ ఎప్పుడూ కేకు కంటే చవకే.

చివరికి మా అత్తగారి మాట ఒకటి చెప్పి ముగిస్తాను. అందరం కలిసి కూర్చోవడం మొదలుపెట్టిన పది రోజులకు, ఒక రాత్రి ఆవిడ చారు పోసుకుని ఒక ముద్ద తిని ఆగిపోయారు. ఏమిటత్తయ్యా, ఉప్పెక్కువైందా అన్నాను. "కాదే అమ్మాయ్, పొగలొచ్చే చారు తిని ఎన్నేళ్ళయిందో అని చూస్తున్నా" అన్నారు. యాభై ఏళ్ళపాటు ఆవిడ పెట్టిన చారు అందరూ వేడివేడిగా తిన్నారు, ఆవిడొక్కరే చల్లారాక తిన్నారు. మా అమ్మా అంతే. తేడా ఏమిటంటే, మా అత్తగారి కంచంలోకి వేడిచారు ఆలస్యంగానైనా వచ్చింది.

కనుక అమ్మలూ, అక్కలూ, రేపటినుంచీ ఎవరైనా మీతో "కాస్త నోరు కట్టుకోవమ్మా" అంటే కోప్పడకండి. వాళ్ళను భోజనానికి పిలవండి. ఆదరంగా పీట వేసి, అందరూ తిన్నాక కూర్చోబెట్టి, గిన్నె అడుగున మిగిలిన గరిటెడన్నం, రెండు ఎండుమిరపకాయ ముక్కలు వాళ్ళ కంచంలో వడ్డించండి. "పారేయకూడదండీ, పరబ్రహ్మ స్వరూపం" అని మటుకు చెప్పడం మరచిపోకండి.